ఇద్దరు నర్సుల కథ: జాల్నా నుంచి సియోల్ దాకా

మేడ్చల్ స్టేషను మీదుగా పోయే రైలుదారి చాలా పాతది. ఇరవయ్యో శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో నిజాం రాజ్యంలో వేసిన మీటరుగేజి మార్గమది. హైదరాబాదు-గోదావరీ లోయ రైలుమార్గమని దానికి పేరు. సికింద్రాబాదులో బయలుదేరిన బండి బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాదు, బాసర దాటి, నాందేడు, పర్భణీ, జాల్నా, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు చేరేది. ఆ బండి మోసుకుపోయిన పత్తిని గురించీ, సిపాయిలను గురించీ, బాసర యాత్రికులను గురించీ మన ప్రాంత చరిత్రలు ఎంతో కొంత చెబుతాయి. జాల్నాలో దిగవలసిన ఒక తరహా ప్రయాణికులను గురించి మాత్రం పెద్దగా చెప్పవు. హైదరాబాదు సంస్థానపు పిచ్చాసుపత్రి ఆ ఊళ్ళో ఉండేది.

అంటే, రాజధాని పక్కనే ఉన్న మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఒక ఇంట మనిషికి మతి చెడితే, సర్కారీ వైద్యం దొరికే చోటు నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్నదన్నమాట. అక్కడి ఊరి మాట మరాఠీ, దఫ్తరు మాట ఉర్దూ. తన బాధను తెలుగులో తప్ప చెప్పుకోలేని రైతుబిడ్డ గతి ఏమిటో ఊహించుకోవలసిందే. అందుకే జాల్నాకు పోయినవారికంటె, ఊళ్ళోనే గదిలో పెట్టి గొళ్ళెం వేసినవారూ, గాలి సోకిందని మైసమ్మ గుడి ముందరికో దర్గా ముంగిటికో తీసుకుపోబడినవారూ ఎక్కువమంది ఉండాలి. నేను ఆ గుళ్ళను, దర్గాలను తప్పుపట్టను. దగ్గరలో వైద్యుడు లేని మనిషి దగ్గరలో ఉన్న దేవుణ్ణే ఆశ్రయిస్తాడు.

కోస్తావారి పరిస్థితి కొంత మెరుగు. మద్రాసు ప్రభుత్వం 1871లోనే విశాఖపట్నం వాల్తేరులో పిచ్చాసుపత్రి తెరిచింది. అయితే బ్రిటిషు వారి 1858 నాటి చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన 1912 చట్టమైనా, మతి తప్పినవాణ్ణి మొదట పోలీసుకూ మెజిస్ట్రేటుకూ అప్పగించి, ఆ తరువాతనే వైద్యుడి వద్దకు పంపించేవి. లోపలికి పోవడానికి న్యాయాధికారి ఉత్తరువు కావాలి. బయటికి రావడానికీ ఎవరో ఒకరి అనుమతి కావాలి. రోగి మాట అడిగేవారు ఎవరూ లేరు. 1920 ప్రాంతాల్లో ఉన్మత్తశాల అనే పేరు పోయి మానసిక వైద్యశాల అనే పేరు వచ్చింది. పేరు మారినంత త్వరగా గోడలు మారలేదు.

సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత, 1953లో, జాల్నా ఆసుపత్రిని హైదరాబాదు శివారు ఎర్రగడ్డకు తరలించారు. సరిగ్గా ఆ ముందటి ఏడు, 1952లో, పారిస్ నగరంలో జాఁ దెలే, పియేర్ దెనికేర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును మనోరోగులకు ఇచ్చి మంచి ఫలితాలు చూశారు. ఆధునిక మానసిక వైద్యంలో మందుల యుగం అక్కడ మొదలయిందంటారు. ఎర్రగడ్డ ఆసుపత్రి, ఆ మందు దాదాపు ఈడుజోళ్ళన్నమాట. కాని జనం నోట మందు పేరు నిలవలేదు, ఊరి పేరు నిలిచింది. ఉత్తరాదివారికి ఆగ్రా, రాంచీ ఎట్లాగో మనకు ఎర్రగడ్డ అట్లా అయింది. తరగతిలో పిల్లవాడు పెంకితనం చేస్తే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనడం నా ఉద్యోగజీవితమంతా విన్నాను. పాపం, ఎర్రగడ్డలో కూరగాయలమ్ముకుని బ్రతికేవారు ఏం చేశారు?

ఇక్కడ ఒక్కమాట. తెలుగులో పిచ్చి, వెర్రి అనే మాటలు పుట్టుకతో తిట్లు కావు. "పిచ్చితల్లీ" అని బిడ్డను దగ్గరకు తీసుకునే భాష మనది. "వెర్రినాగన్న" అంటే అమాయకుడని జాలి. సంస్కృత వైద్యగ్రంథాల్లో ఉన్మాదమంటే నిదానం చూసి చికిత్స చేయవలసిన వ్యాధి; చరకుడు దానికి ఒక అధ్యాయమే కేటాయించాడు, అయిదు రకాలుగా విభజించాడు. అమ్మ నోట ముద్దుమాటగానూ, వైద్యుడి నోట రోగనామంగానూ ఉన్నది తిట్టుగా స్థిరపడటానికి ఆసుపత్రి గోడ కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. గోడకు అవతల ఉన్నది కనబడనప్పుడు మాట చెడిపోతుంది.

ఆ గోడ లోపలికి తెలుగు ప్రేక్షకుణ్ణి తీసుకుపోయిన సినిమా 1960లో వచ్చింది. గుత్తా రామినీడు దర్శకత్వం వహించిన 'చివరకు మిగిలేది'. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు. ఈ సంగతి తెలియక ఇప్పటికీ పొరబడేవారున్నారు. మూలం వంగదేశానిది. అశుతోష్ ముఖోపాధ్యాయ కథ 'నర్స్ మిత్ర' ఆధారంగా అసిత్ సేన్ 1959లో సుచిత్రా సేన్ నాయికగా 'దీప్ జ్వేలే జాయ్' తీశాడు. మరుసటి ఏడే తెలుగువారు దాన్ని తీసుకున్నారు. హిందీవారు పదేళ్ళు ఆగి, 1970లో, వహీదా రెహమాన్‌తో 'ఖామోషీ'గా తీసుకున్నారు. తెలుగులో ఆ నర్సు సావిత్రి. అన్నట్టు, ఎం. ప్రభాకరరెడ్డి తెరమీదికి వచ్చిన తొలి చిత్రమిదే. హైదరాబాదులో వైద్యవిద్య చదివి పట్టా పుచ్చుకున్నవాడు మానసిక వైద్యశాల కథతో నటుడు కావడం చిత్రమైన సంగతి.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. ప్రేమించిన స్త్రీ కాదన్నందువల్ల మతి చెడిన యువకుడు ఆసుపత్రిలో చేరతాడు. అతనికి మందుకంటె మమత అవసరమని పెద్ద డాక్టరు ఒక ప్రయోగం తలపెడతాడు. నర్సు అతనిపట్ల ప్రేమ నటించాలి. నటన మాత్రమే, మనసు ఇవ్వరాదు. రోగి కోలుకుంటాడు, వెళ్ళిపోతాడు, వేరొకరిని పెళ్ళాడతాడు. నర్సు మనసు అతనితో పోయింది. ప్రయోగం ఫలించిందని సంతోషించిన డాక్టరు రెండవ రోగిని ఆమెకు అప్పగిస్తాడు. ఆమె మళ్ళీ నటిస్తుంది. ఆ రోగీ బాగుపడతాడు. నర్సుకు మతి పోతుంది. తాను సేవ చేసిన వార్డులోనే ఆమె రోగిగా చేరుతుంది.

సావిత్రి నటనను గురించి నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. నేను గమనించినది వేరు. ఆ సినిమాలో వైద్యమంటే ప్రేమే. ప్రేమ అంటే స్త్రీ తనను తాను ఖర్చు చేసుకోవడమే. క్లోర్‌ప్రోమజీన్ వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. కథకు దానితో పనిలేదు, మంచిదే. మందుబిళ్ళలతో సినిమా నడవదు. కాని చివరి దృశ్యంలో నర్సు లోపల చేరిన తరువాత ఆమె కోలుకోవచ్చుననే ఊహ కథకుడికీ రాలేదు, ప్రేక్షకుడికీ రాలేదు. లోపలికి పోవడమంటే కథ ముగిసిపోవడమే. జాల్నా బండి ఎక్కినవారి విషయంలో జనం అనుకున్నదీ అదే కదా!

అరవై మూడేళ్ళ తరువాత ఇంచుమించు ఇదే కథను కొరియావారు చెప్పారు. 2023 నవంబరు 3న నెట్‌ఫ్లిక్సులో పన్నెండు భాగాలుగా వచ్చిన ఆ ధారావాహిక ఆంగ్లనామం 'డైలీ డోస్ ఆఫ్ సన్‌షైన్'. కొరియా భాషలోని అసలు పేరును తెలుగు చేస్తే, మనోవైద్యపు వార్డుకూ తెల్లవారుతుంది అని వస్తుంది. ఈ పేరులో ఒక చమత్కారం ఉంది. అటువంటి వార్డుల్లో రోగుల క్షేమం కోసం కిటికీలకు పరదాలు కట్టరు. అందువల్ల మిగతా వార్డులకంటె అక్కడ ముందుగా వెలుగొస్తుంది. ఇది కవి ఊహించి చెప్పిన మాట కాదు, వార్డులో పనిచేసిన మనిషి కంటబడ్డ సంగతి. మూలమైన బొమ్మల కథ రాసిన ఈ రా-హా పూర్వం నర్సుగా పనిచేసిన ఆమె. దర్శకుడు ఈ జే-గ్యు.

నాకు దీన్ని చూపించినది మా మనుమరాలు. మేడ్చల్ రహదారి పొడుగునా కండ్లకోయ దాకా, అటు మైసమ్మగూడ దాకా, ఇంజనీరింగు కళాశాలల వసతిగృహాల్లో ఉన్న పిల్లలందరికీ ఈ కొరియా ధారావాహికలు నిత్యపారాయణం. "తాతా, ఇందులో ఏడుపు ఎక్కువ, కాని మంచి ఏడుపు" అని ఆమె సిఫారసు. అట్టడుగున పరిగెత్తే అక్షరాలు చదవడానికి నా కళ్ళజోడు చాలలేదు గాని, విషయం అందింది.

నాయిక జంగ్ దా-ఉన్ మూడేళ్ళు సాధారణ వైద్యవిభాగంలో పనిచేసి మనోవైద్య విభాగానికి బదిలీ అయిన నర్సు. ప్రతి రోగి వద్దా ఎక్కువసేపు ఆగే స్వభావం. ఆమె చూసిన రోగుల్లో ఒకడు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ఏళ్ళ తరబడి చదివి చదివి, బయటి ప్రపంచాన్ని విడిచి ఒక ఆటలోని మాయాలోకంలో బ్రతుకుతున్న యువకుడు. గ్రూపు పరీక్షల కోసం అశోక్‌నగర్ గదుల్లో యౌవనమంతా ఖర్చు చేసే మన పిల్లలను చూసినవారెవరికీ ఆ పాత్రను వివరించనక్కరలేదు. అతడు కోలుకున్నాడనుకుని ఇంటికి పంపిన తరువాత ప్రాణం తీసుకుంటాడు. నర్సు తట్టుకోలేకపోతుంది. తిండి, నిద్ర, మాట ఒక్కొక్కటే పోతాయి. చివరకు తల్లి ఆమెను వేరొక ఆసుపత్రిలో, తాళం వేసిన వార్డులో చేర్పిస్తుంది. నేను వీళ్ళలాంటిదాన్ని కాదు, నేను నర్సును అని మొదట ఆమె మొరాయించే భాగం పన్నెండింటిలోకీ గొప్పది. రోగులను ప్రేమించినామె రోగిననిపించుకోవడానికి సిగ్గుపడుతుంది. ఆ సిగ్గును ఎవరూ ఉపన్యాసంతో వదిలించరు. పక్క మంచాలవారితో కలిసి భోజనం చేస్తూండగా అదే మెల్లగా వదులుతుంది.

సావిత్రి కథ ఆగిన చోట ఈ కథ ఆగదు. దా-ఉన్ కోలుకుని పాత ఉద్యోగానికి తిరిగి వస్తుంది. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఆమె ఎందుకు సెలవు పెట్టిందో తెలుసుకున్న రోగుల బంధువులు, మతి చెడిన మనిషిచేత మావాళ్ళకు సేవ చేయిస్తారా అని నిరసనకు దిగుతారు. తమ ఇంట మనోరోగి ఉన్నవారే! ఈ ఒక్క ఘట్టం కోసం ఆ పన్నెండు భాగాలూ చూడవచ్చునంటాను. లోకం వెలివేసిందని దుఃఖించేవాడు తనకంటె ఒక మెట్టు కిందివాణ్ణి వెదుక్కుంటాడన్న సంగతిని అంత నిర్మొహమాటంగా చెప్పిన రచనలు తక్కువ.

కొరియావారు ఇటువంటి కథలు చెప్పడానికి చారిత్రక కారణమూ ఉంది. సంపన్నదేశాల కూటమిలో ఆత్మహత్యల రేటు అత్యధికంగా ఉన్న దేశంగా అది చాలాకాలంగా పేరుమోస్తున్నది. అక్కడ మనోవైద్యానికి 1995లో చట్టం వచ్చింది. ఇంటివారు ఇద్దరు, వైద్యుడు ఒకడు ఒప్పుకుంటే మనిషిని ఇష్టం లేకుండానే ఆసుపత్రిలో ఉంచవచ్చునన్న దానిలోని నియమం రాజ్యాంగానికి పొసగదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. తిరగరాసిన చట్టం 2017 మే 30న అమలులోకి వచ్చింది. మన పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసినది కూడా 2017లోనే. అది అమలులోకి వచ్చినది 2018లో. పరస్పరం ఎరగని రెండు దేశాలు ఒకే ఏట ఒకే గొళ్ళెం మీద చేయి వేశాయి.

మనం అక్కడిదాకా వచ్చిన దారిలో మన ప్రాంతానికి కొంత వాటా ఉన్నది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయింది. 1987లో బ్రిటిషు చట్టం స్థానంలో కొత్త చట్టం చేశారు, దాన్ని అమలు చేయడానికి 1993 దాకా పట్టింది. మనోవైద్యాన్ని పెద్ద ఆసుపత్రి గోడల నుంచి జిల్లా ఆసుపత్రికీ, ఊరి ఆరోగ్య కేంద్రానికీ తేవాలని కర్ణాటకలోని బళ్ళారిలో చేసి చూసిన పద్ధతిని 1996లో దేశంలో మొదటగా నాలుగు జిల్లాల్లో ప్రారంభించినప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికయిన జిల్లా మెదక్. మేడ్చల్ దాటి తూప్రాన్ దారి పడితే వచ్చే మెదక్! ఒకనాడు మతి చెడినవాణ్ణి జాల్నాకు మోసుకుపోయిన దిక్కులోనే మాత్ర ఊరికి నడిచివచ్చిందన్నమాట. ఎంతవరకు వచ్చింది అన్నది వేరే ప్రశ్న. 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదనీ, వారిలో అత్యధికులకు వైద్యం అందడం లేదనీ తేలింది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది మనోరోగులు చనిపోయారు. ఆ ఘటన తరువాతనే సుప్రీంకోర్టు తనంతతానుగా కదిలింది.

ఇక శామీర్‌పేట సంగతి. చెరువుకట్టకూ, జింకల వనానికీ పేరుపొందిన ఆ ఊళ్ళోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. 1998లో ఏర్పడిన ఆ సంస్థలో చాలాకాలం బోధించిన ఆచార్య అమితా ధండా, మనోరోగుల పట్ల మన చట్టాలు, న్యాయస్థానాలు ఎట్లా ప్రవర్తించాయో పరిశీలించి 2000లో ఒక గ్రంథం వెలువరించారు. మతి స్థిమితం లేనివాడు అన్న ఒక్క ముద్రతో మనిషికి ఆస్తి మీద, ఓటు మీద, పెళ్ళి మీద, చివరకు తన శరీరం మీద కూడా మాట లేకుండా పోవడమే ఆమె ప్రధానంగా ప్రశ్నించిన విషయం. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక రూపొందుతున్నప్పుడు జరిగిన చర్చల్లో ఆమె పాల్గొన్నారు. 2006 డిసెంబరులో అంగీకారం పొందిన ఆ ఒడంబడిక పన్నెండవ అధికరణం, చట్టం ముందు అందరితో సమానంగా గుర్తింపు పొందే హక్కు వీరికీ ఉన్నదంటుంది. భారతదేశం 2007లో దానికి కట్టుబడింది. 2017 చట్టం రావడానికి ఆ కట్టుబాటే మూలం.

ఆ చట్టం ప్రకారం, వైద్యం గురించి నిర్ణయించుకునే శక్తి రోగికి ఉన్నదనే మొదట భావించాలి. రేపు నాకు మతి తప్పితే ఫలానా వైద్యం చేయండి, ఫలానాది చేయవద్దు అని మనిషి ముందుగానే రాసి పెట్టవచ్చు. గొలుసులు నిషిద్ధం. మత్తు ఇవ్వకుండా కరెంటు పెట్టడం నిషిద్ధం. ఆరోగ్య బీమా ఇతర జబ్బులకు ఎట్లాగో దీనికీ అట్లాగే ఇవ్వాలి. ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికినవాణ్ణి నేరస్థుడిగా గాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి. ఒడంబడిక స్ఫూర్తికి ఇది ఇంకా చాలదనే విమర్శ ఉన్నది. ఇష్టం లేని చేర్పుకు చట్టంలో దారి మిగిలే ఉన్నది మరి. 2022 అక్టోబరు 10న మొదలయిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జాల్నాలో తెలుగు లేక మూగవోయినవారిని తలచుకుంటే ఇది నాకు చిన్న విషయంగా తోచదు.

అయితే తిరిగి వచ్చినవాడి మాటేమిటి? 1990ల్లో మేడ్చల్ చుట్టుపక్కల ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడొకరు మాతో పనిచేసేవారు. బోర్డు మీద గీసిన వృత్తానికి వృత్తలేఖిని అక్కరలేని చేయి. ఒక వేసవి ముందు మూడు నెలలు సెలవులో పోయారు. కామెర్లని ఇంటివాళ్ళు చెప్పారు. తిరిగి వచ్చేసరికి కబురు ఆయనకంటె ముందే బడికి చేరింది. పిల్లలు పెట్టిన పేరు ఎర్రగడ్డ సారు. అది పిల్లల సంగతి; పెద్దల సంగతి ఇంకా నాజూకుగా ఉండేది. పదవ తరగతి లెక్కలు ఆయనకు బదులు వేరొకరికి ఇచ్చారు, "మీకు శ్రమ ఎందుకు సార్" అని. పరీక్షల డ్యూటీ పట్టికలో పేరు లేదు, అదీ దయతోనే. మాత్ర వేసుకోవడానికి నీళ్ళసీసా తీసుకుని మరుగుదొడ్ల వెనకకు పోయేవారు. ఆరు నెలలు చూసి బదిలీ అడిగి వెళ్ళిపోయారు. ఆయన లెక్క తప్పు చేయడం నేనెన్నడూ చూడలేదు, పోకముందూ, వచ్చాకా. కొరియా నర్సు మీద రోగుల బంధువులు విరుచుకుపడే ఘట్టం నడుస్తున్నంతసేపూ నాకు కనబడినది ఆ నీళ్ళసీసా.

అందుకే ఆ ధారావాహికలోని లోపాలు నాకు తెలిసినా వాటిమీద పెద్ద కోపం లేదు. వార్డు మరీ శుభ్రంగా, మరీ ఎండగా ఉంటుంది. మన సర్కారీ ఆసుపత్రుల్లో రోగులకూ నర్సులకూ ఉన్న నిష్పత్తిలో దా-ఉన్ అట్లా ఒక్కొక్కరి పక్కన కూర్చోవడానికి వీలుండదు. ఇద్దరు యువకుల మధ్య ఆమె ప్రేమ ఎటు మొగ్గుతుందన్న ఊగిసలాటకు ఖర్చు చేసిన సమయం దండగ. ఆ దేశపు వ్యాపార నియమం కాబోలు. కాని ఆమెను వెనకేసుకొచ్చే పెద్దనర్సు పాత్ర ఉన్నది చూడండి, మనోరోగి అయిన చెల్లెలిని ఏళ్ళ తరబడి సాకిన మనిషి. మా బడిలో అటువంటి ప్రధానోపాధ్యాయిని ఒక్కరుంటే ఆ లెక్కల సారు పదవ తరగతి పిల్లలకు దక్కి ఉండేవారు.

మా మనుమరాలికి మొన్న సావిత్రి సినిమా చూపించాను. నలుపు తెలుపు చిత్రాలకు ఓపిక లేని పిల్ల చివరిదాకా కదలకుండా కూర్చుంది. వార్డు తలుపు మూసుకున్నాక నావైపు తిరిగి, "మరి ఈమె డ్యూటీకి ఎప్పుడొస్తుంది తాతా?" అని అడిగింది. సినిమా అంతవరకే తీశారని చెప్పాను.